చుట్టూ రొయ్యల చెరువులు, బోరులో ఉప్పు నీరు: దాళ్వా వరి దక్కేదెలా?

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రెండున్నర ఎకరాల వరి చేను ఉంది. ఆరేళ్ళ కిందట తూర్పు పక్క పొలం, ఆ తర్వాత ఉత్తరం పక్కది రొయ్యల చెరువులైపోయాయి. మాది కాలవ శివారు, దాళ్వాకి (రబీ పంటకి) 60 అడుగుల బోరే దిక్కు. రెండేళ్ళుగా నీళ్ళు ఉప్పగా వస్తున్నాయి, గేదె మూతి పెట్టి వెనక్కి తీసుకుంటోంది. నారు కొసలు మాడుతున్నాయి, గట్ల మీద తెల్లగా పూస్తోంది. పరీక్షలో నీటి ఇ.సి. (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 3.8, మట్టి పి.హెచ్. 7.8 వచ్చాయి. బోరు ఇంకో వంద అడుగులు దింపమని ఒకరు, జిప్సం వేయమని ఒకరు, చేను చెరువుకి లీజుకిచ్చేయమని ఒకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నిటికంటే ముందు, బోరు లోతు చేయించే పని ఆపేయండి. మన డెల్టాలో మంచినీరు చాలాచోట్ల పైపైనే పలుచని పొరలా ఉంటుంది, దాని కింద ఉప్పునీరు ఉంటుంది. ఆ పై పొర ఎలా నిలిచిందంటే, ఏళ్ళ తరబడి వరి చేలల్లో కాలవ నీళ్ళు నిలబడి, కొంచెం కొంచెంగా కిందికి ఇంకడం వల్లే. మీ పక్క రెండు పొలాలూ చెరువులయ్యాక ఆ ఇంకుడు పోయింది, దాని బదులు ఉప్పు నీళ్ళు నిలబడ్డాయి, అది కూడా గట్లు కట్టి మీ చేను కన్నా ఎత్తులో. ఎత్తున ఉన్న నీళ్ళు పల్లానికి ఊరకుండా ఏం చేస్తాయి? లోతుకి వెళ్తే అక్కడ దొరికేది చాలా వరకు ఇంకా ఉప్పు నీళ్ళే, లక్షలు పోసి వాటిని పైకి తెచ్చుకోవద్దు.

ఉప్పు మీ బోరులోకి పక్కనుంచి వస్తోందా, కిందనుంచి వస్తోందా అన్నది తేలాలి. మోటారు వేసిన పావుగంటకి ఒక సీసా, ఆపకుండా మూడు గంటలు నడిపాక ఇంకో సీసా పట్టండి, పట్టే ముందు సీసాని అదే నీటితో రెండుసార్లు తొలవండి. తూర్పు గట్టు పక్కన మూడడుగుల గొయ్యి తీసి రాత్రంతా వదిలేయండి, తెల్లారేసరికి అందులో ఊరిన నీళ్ళు మూడో సీసా. సీసాల మీద టైము రాసి మూడింటికీ ఇ.సి. చూపించండి. రెండో సీసాలో ఉప్పు బాగా పెరిగితే కిందనుంచి లాగుతున్నట్టు, అప్పుడు చిన్న మోటారుతో రెండు మూడు గంటలు నడిపి అంతసేపూ ఆపాలి. గోతిలో నీళ్ళు బోరు నీళ్ళ కన్నా ఉప్పగా ఉంటే చెరువు ఊట, దానికి గట్టు వెంబడి లోతుగా ఊట బోదె తవ్వి మురుగు డ్రెయిన్‌లో కలపాలి. ఆ ఖర్చు చెరువు వాళ్ళు పెట్టుకోవాలని గట్టిగా అడగండి, ఇందులో మొహమాటం వద్దు.

ఇక 3.8 అంటే ఎంతో ఒక లెక్క చెప్తాను. లీటరుకి సుమారు రెండున్నర గ్రాముల ఉప్పు. ఎకరంలో ఒక్క అంగుళం నీళ్ళు పెడితే లక్ష లీటర్లు, అంటే దాదాపు 240 కిలోల ఉప్పు, ఐదు యూరియా బస్తాలంత బరువు, ఒక్క తడికే! నేలలో ఇ.సి. 3 దాటిన దగ్గర్నుంచి ఒక్కో యూనిట్‌కీ వరి దిగుబడి 12 శాతం దాకా పడిపోతుంది.

జిప్సం కొనకండి. అది కారుచౌడుకి మందు, అంటే పి.హెచ్. ఎనిమిదిన్నర దాటిన నేలకి. మీ గట్ల మీద పూసింది పాలచౌడు, అంటే పైకి తేలిన ఉప్పు, దాన్ని నీళ్ళతో కడిగి బయటికి పంపడమే. కాలవ వంతు వచ్చినప్పుడల్లా చేలో నాలుగు అంగుళాలు పెట్టి, దమ్ము చేసి, రెండు రోజులుంచి తీసేయండి, నాట్లకి ముందు ఇలా రెండు మూడు సార్లు జరగాలి. సార్వా (ఖరీఫ్) ముందు పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి పూత దశలో కలియదున్నితే నేల గుల్లబారి ఉప్పు త్వరగా దిగుతుంది. ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ దమ్ములో వేయండి. నారు కొంచెం ముదిరాక, కుదురుకి నాలుగైదు మొక్కలు పెట్టండి, లేత నారు ఉప్పుకి నిలవదు. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానం ఇచ్చిన ఎం.సి.ఎం. 100 లాంటి చౌడుని తట్టుకునే రకాలున్నాయి, దాళ్వాకి కాలపరిమితి సరిపోతుందో లేదో కనుక్కుని తీసుకోండి. మంచినీళ్ళు నారుమడికి, పూతకి దాచుకోండి, పిలకల దశలోనే బోరు వాడండి, అది కూడా కాలవ నీటితో సగం సగం కలిపి. చెరువు పట్టుబడి (రొయ్యలు పట్టే) రోజుల్లో మురుగు డ్రెయిన్ నీళ్ళు మాత్రం అస్సలు తోడకండి.

లీజు మాట మీ ఇష్టం, కానీ ఒక్కసారి చెరువయ్యాక మళ్ళీ వరికి రావడం ఎంత కష్టమో నేను చూశాను. పై మట్టి గట్లకి పోయి, అడుగున ఉప్పు పట్టి ఉంటుంది. మీ దక్షిణం పక్క రైతుకి రేపు ఇదే టెన్షన్ మొదలవుతుంది. అసలు వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2020లో రాష్ట్ర ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం వచ్చాయి. ఆ చెరువులకి అనుమతి ఉందా అని మత్స్యశాఖలో రాతపూర్వకంగా అడగండి. ఒక్కరే వెళ్ళకండి, బోరు పాడైన పది మంది పరీక్ష కాగితాలతో కలిసి వెళ్తేనే పని కదులుతుంది.

ఇంట్లో ఆ నీళ్ళు తాగుతుంటే ఈ రోజే మానేయండి, మరిగించినా ఉప్పు పోదు. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకి 2000 మిల్లీగ్రాములు దాటకూడదు, మీది దాటింది. గేదెకి వెంటనే ప్రమాదమేమీ లేదు గానీ ఎండల్లో నీళ్ళు తక్కువ తాగితే పాలు తగ్గుతాయి, కాలవ నీళ్ళు కలిపి పెట్టండి. మూడు సీసాల రిపోర్టు, కోత అయ్యాక మరోసారి చేయించిన మట్టి పరీక్ష పంపితే సార్వాకి ఏం వేయాలో చెప్తాను.