పై పండగ ఎప్పుడు చేద్దాం మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా పిల్లలు ఫోన్లో చూసి 'పై డే' చేద్దామని ఒకటే గొడవ. అదేమో మార్చి 14న అట, మాకు అప్పుడు పదో తరగతి పరీక్షల టెన్షన్. పైగా స్టాఫ్‌రూమ్‌లో "అమెరికా వాళ్ళ పండగ మనకెందుకమ్మా" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక టీచరు, అమలాపురం

జవాబు: చెయ్యండమ్మా, కాని మార్చిలో కాదు, జులై 22న చెయ్యండి. పై అంటే వృత్తం చుట్టుకొలతని దాని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య, సుమారు 3.14, బళ్ళో లెక్కలకి 22/7 అని వాడతాం. వాళ్ళు నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు కాబట్టి మార్చి 14 వాళ్ళకి 3/14 అయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియం ఉంది, అక్కడ పనిచేసే లారీ షా 1988లో దీన్ని మొదలుపెట్టాడు, అందరూ గుండ్రంగా ఊరేగి, పళ్ళ ముక్కలు కూరి కాల్చిన 'పై' అనే వంటకం తిన్నారు. పేరు కలిసింది, అంతే. 2019లో యునెస్కో ఆ రోజునే అంతర్జాతీయ గణిత దినంగా ప్రకటించింది. బాగానే ఉంది గాని, తేదీ ముందు రాసే మనకి 3/14 రావాలంటే పద్నాలుగో నెల కావాలి, అధిక మాసం కలుపుకున్నా చాలదు. 22/7 అయితే మన క్యాలెండర్లో ఏటా వస్తుంది. అయినా ఏడు పాయల గోదారి వాళ్ళం, కింద ఏడున్న భిన్నం మనది కాక ఇంకెవరిది?

తినడానికి పూతరేకులు పెట్టండి. పేరు కలవలేదంటారా? ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని ఒక్కసారి అలా పరిచి లాగుతారు, రేకు వచ్చేది కుండ పైనుంచే!

అంకెలు బట్టీపట్టే పోటీలు మాత్రం వద్దు. ఇంట్లోంచి గుండ్రంగా ఉన్నదేదైనా తెమ్మనండి, కొలిపించండి. మీకు చెప్పేముందు నేను మా ఇత్తడి గంగాళం కొలిచాను. మూతి అడ్డంగా 14 అంగుళాలు, అంటే చుట్టూ 44 రావాలి, టైలరు టేపు పెడితే 43న్నర వచ్చింది. లెక్క తప్పిందా అని కంగారుపడ్డాను, చూస్తే టేపు అంచు దిగి మెడ మీదికి జారింది. రెండోసారి మా ఆవిడ పట్టుకుంది, సరిగ్గా 44.

ప్రశ్న: దీనికి సెలవు ఇస్తారా సార్?
– తొమ్మిదో తరగతి, రావులపాలెం

జవాబు: ఇవ్వరు బాబూ. రామానుజన్ పుట్టినరోజు డిసెంబర్ 22, జాతీయ గణిత దినం, దానికే లేదు. జులై 22న గోదారి పొంగితే కలెక్టరు గారు ఇచ్చే సెలవు వేరే లెక్క.

ప్రశ్న: మా మావయ్య గారు పై అంటే 22/7, అంతే అంటారు. నేను కాదంటున్నాను. భోజనాల దగ్గర రోజూ ఇదే వాదన. ఎవరు రైటు?
– ఒక కోడలు, పాలకొల్లు

జవాబు: మీరేనమ్మా. 22/7ని భాగిస్తే 3.142857, ఆ 142857 మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంటుంది. పై 3.14159 అంటూ మొదలై ఎక్కడా అలా తిరగదు, ఏ భిన్నంగానూ రాయలేమని 1761లో లాంబర్ట్ అనే గణితవేత్త నిరూపించాడు. 22/7 కన్నా పై కొంచెం తక్కువేనని ఆర్కిమెడీస్ ఎప్పుడో చెప్పాడు. మన ఆర్యభటుడు 499లో 20,000 వ్యాసానికి చుట్టుకొలత 62,832 అని, అంటే 3.1416 అని రాసి, పక్కనే 'ఆసన్నం' అన్నాడు. దగ్గరగా ఉంది అని. ముహూర్తం ఆసన్నమైంది అంటాం చూడండి, అదే మాట.

అయితే మావయ్య గారిని మరీ తీసెయ్యకండి. మీటరు వెడల్పు నూతి ఒర చుట్టూ కొలిస్తే ఆయన లెక్కకీ అసలు లెక్కకీ తేడా మిల్లీమీటరుంపావు, కొబ్బరి తాడు మందం కూడా లేదు. ఆ తాడేదో ఆయన చేతికే ఇచ్చి నూతి దగ్గరికి పంపండి, కనీసం ఆ పూట అన్నం ప్రశాంతంగా తినొచ్చు.