పేషెంట్ తాలూకు సంతకం సరిపోతుందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ఒక నర్సింగ్ హోమ్‌లో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పోయిన నెల ముప్పై ఆరేళ్ల ఆవిడకు గర్భసంచి తీసే ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు రాసే ఫారం మీద భర్త సంతకం చేశాడు, సాక్షి సంతకం నాది. థియేటర్‌లోకి తీసుకెళ్తుంటే ఆవిడ, "గడ్డ ఒక్కటే తీస్తారు కదా సిస్టర్?" అని అడిగింది. "డాక్టరు గారు చూసుకుంటారు" అన్నాను. నేను తప్పు చేశానా?
- ఒక నర్సు, కోనసీమ జిల్లా

జవాబు: అవునమ్మా, తప్పు జరిగింది. అందులో పెద్ద వాటా డాక్టరుది, చిన్న వాటా మీది. ఆ చిన్న తప్పు నేనూ చేశాను కనుకే దాచకుండా చెబుతున్నాను.

1991లో ఒక ప్రభుత్వాసుపత్రి స్త్రీల వార్డులో గర్భసంచి తీసే ఆపరేషన్‌కు అప్పటికే వేలిముద్ర పడిన ఫారం నా చేతికిచ్చి, సాక్షిగా సంతకం పెట్టమన్నారు. పెట్టేశాను. ఆ ముద్ర ఎవరు, ఏం చెప్పి వేయించారో నేను చూడలేదు. డిశ్చార్జి రోజున ఆవిడ దుప్పటి మడత పెడుతూ, "మళ్లీ నెల ఎప్పుడొస్తుందమ్మా?" అని అడిగింది. ఆమె బొటనవేలి గోటి సందులో నీలి సిరా ఇంకా పోలేదు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ వేలు నా కళ్ల ముందే ఉంది.

పద్దెనిమిదేళ్లు నిండి, స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగల మనిషికి ఆపరేషన్ చేయాలంటే ఒప్పుకోవాల్సింది ఆ మనిషే. ఆమె బదులు భర్త గానీ, కన్నతల్లి గానీ ఒప్పుకోవడం కుదరదు. "పేషెంట్ తాలూకు ఎవరమ్మా?" అని వరండాలోకి కేకేసి, ముందుకొచ్చిన వాళ్ల చేత సంతకం పెట్టించే మన అలవాటుకు చట్టంలో చోటు లేదు. చివరికి గర్భస్రావానికి కూడా వయసు నిండిన స్త్రీ సమ్మతి చాలు, భర్త అనుమతి అక్కర్లేదు.

2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అచ్చం మీ ప్రశ్నకు జవాబులా ఉంటుంది. ఢిల్లీలో నలభై నాలుగేళ్ల అవివాహిత లాపరోస్కోపీ పరీక్షకు, అంటే పొట్టకు చిన్న గాటు పెట్టి గొట్టంతో లోపల చూసే పరీక్షకు, ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు కాబట్టి, ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగి అడగాల్సిందని, తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది. పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని కూడా చెప్పింది. నిజంగా ప్రాణాపాయం ఉండి, అడిగే వీలే లేనప్పుడు డాక్టరు ఆగనక్కర్లేదు. కానీ మీ పేషెంటు మాట్లాడుతూనే ఉంది కదా, మిమ్మల్ని ప్రశ్న కూడా అడిగింది.

గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. మనం పట్టుకునే ఫారాల్లో ఈ ఫారం ఎంత బరువైనదో దీన్ని బట్టే ఆలోచించండి.

ఆపరేషన్ గురించి, దాని కష్టనష్టాల గురించి, వేరే వైద్యం ఏమైనా ఉందా అన్న దాని గురించి చెప్పాల్సింది డాక్టరే. ఆ భారం మీ నెత్తిన వేసుకోకండి. సాక్షి సంతకం మాత్రం మీది. మీ కళ్లెదుట ఆమె విని, ఒప్పుకుని, తన చేత్తో సంతకం చేస్తేనే పెట్టండి. ఇకమీదట ఎవరైనా అలాంటి ప్రశ్న వేస్తే బండిని అక్కడే ఆపి, "డాక్టరు గారూ, ఆవిడకు ఒక సందేహం ఉందట, మీరు ఒక్కసారి మాట్లాడండి" అనండి. ఆవిడ అన్న మాటను అన్నట్టుగానే, టైముతో సహా నర్సింగ్ నోట్సులో రాయండి. ఉద్యోగం పోతుందన్న భయం నాకు తెలుసు. ఎదిరించినట్టు కాకుండా పేషెంటు తరఫున కబురు చెప్పినట్టు అంటే, చాలామంది డాక్టర్లు విసుక్కుంటూనే వస్తారు.

ఇక ఆవిడ సంగతి. చెకప్‌కు వచ్చినప్పుడు డాక్టరు దగ్గర కూర్చోబెట్టి, ఏం తీశారో తెలుగులో చెప్పించండి. అండాశయాలు ఉంచారా, తీసేశారా అన్నది ప్రత్యేకంగా అడగమనండి. ముప్పై ఆరేళ్లకే అవి పోతే ఎముకలు త్వరగా బలహీనపడతాయి, దానికి వైద్యం ముందే మొదలుపెట్టాలి. కేస్ షీటు నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుంచి డాక్టర్లకు నిబంధన ఉంది. ఆ మాట కూడా ఆవిడ చెవిన వేయండి.