పురుగు చావకపోతే కషాయం పనిచేసినట్టా, లేనట్టా?

సమాజంలో పాతుకుపోయిన ఒక ఆలోచనా విధానం వాదనల వల్ల మారుతుందా, సాక్ష్యాల వల్ల మారుతుందా, లేక పాత తరం వెళ్లిపోతే గానీ మారదా అని మీరు అడిగారు. నేను పాత ఖమ్మం జిల్లాలో పత్తి పండించే కుటుంబంలో పుట్టాను. 1990ల చివరి నుంచి పదేళ్ల పాటు పురుగుమందుల విషయంలో మా ప్రాంతపు రైతుల ఆలోచన ఎలా మారిందో, ఎక్కడ మారకుండా ఆగిపోయిందో దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి, ఆ ఒక్క ఉదాహరణ మీదనే నిలబడి సమాధానం చెబుతాను.

ముందుగా పాత ఆలోచన ఎంత గట్టిదో చెప్పాలి. చేలో పురుగు కనబడితే మందు కొట్టాలన్నది మా ఇళ్లలో ఒక అభిప్రాయంగా ఎవరూ చెప్పేవారు కాదు, ఎందుకంటే దానికి ఎదురు అభిప్రాయం ఉండవచ్చని ఎవరికీ తోచలేదు. 1980లలో సింథటిక్ పైరిత్రాయిడ్లనే కొత్త రకం పురుగుమందులు వచ్చిన కొత్తలో ఒక్క పిచికారీకే శనగపచ్చ పురుగు రాలిపోయేదని పెద్దలు చెప్పుకునేవారు. 1987-88 నాటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ పురుగు వాటికి లొంగడం మానేసింది. పంట పోయి అప్పులు మిగిలిన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి, 1997-98లో, వరంగల్ జిల్లాలో అంతకంటే పెద్ద ఎత్తున అదే జరిగింది, ఈసారి పొగాకు లద్దె పురుగు కూడా తోడైంది. దేశంలోని సాగుభూమిలో పత్తి వాటా సుమారు 5 శాతమే అయినా, వాడే పురుగుమందుల్లో దాదాపు సగం పత్తి మీదనే పడుతున్న రోజులవి.

ఇంత జరిగాక కూడా ఆలోచన మారలేదన్నది గమనించదగిన విషయం. మందు పనిచేయకపోతే దానికి సిద్ధంగా పది కారణాలుండేవి: డోసు చాలలేదు, కొట్టిన సాయంత్రమే వాన పడింది, షాపులో కల్తీ సరుకు అంటగట్టారు, మోనోక్రోటోఫాస్ ఒక్కటే కొడితే ఏమవుతుంది, దానిలో ఇంకొకటి కలపవలసింది. పైగా కల్తీ మందులు నిజంగానే ఉండేవి, వాన నిజంగానే పడేది. అందువల్ల ఆ కారణాలను ఎవరూ కొట్టిపారేయలేకపోయేవారు. ప్రతి వైఫల్యమూ మరింత మందుకు దారి తీసేదే తప్ప, మందు గురించిన ప్రశ్నకు దారి తీసేది కాదు. శాస్త్రజ్ఞులు సైతం లెక్కకు అందని ఫలితం ఎదురైనంత మాత్రాన సిద్ధాంతాన్ని వదులుకోరని, దానికి బదులుగా నిలబడగల మరో సిద్ధాంతం చేతికందినప్పుడే పాతదాన్ని విడుస్తారని విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు థామస్ కూన్ 1962లో వెలువడిన తన గ్రంథంలో రాశాడు. ఆయన భౌతికశాస్త్ర, రసాయనశాస్త్ర చరిత్రల గురించి రాశాడు గానీ, ఆ మాట మా పత్తి చేలకు కూడా అక్షరాలా సరిపోతుంది.

మా చేలలో ఇంకొక చిక్కు కూడా ఉండేది. ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో చెప్పేవాడు, ఆ మందును అప్పుగా ఇచ్చేవాడు, దీపావళి దాటాక తూకం వేసి పత్తి కొనేవాడు చాలా ఊళ్లలో ఒకడే. అటువంటప్పుడు ఆ సలహాను అనుమానించడమంటే వచ్చే ఏడు విత్తనాలకు అప్పు పుట్టకపోయినా సరేనని తెగించడమే. జనం మూఢంగా పాతదాన్ని పట్టుకు వేలాడుతున్నారని బయటివాళ్లు విసుక్కునే చాలా సందర్భాల్లో, వెనక ఇలాంటి ముడి ఏదో ఒకటి ఉంటుందని నా నమ్మకం.

ఆ ముడి మొదట సడలింది పాల్వంచ మండలంలోని పునుకులలో. 1999లో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, హైదరాబాదులోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ తోడ్పాటుతో, అక్కడ కొద్దిమంది రైతులతో పురుగుమందులు లేని సాగు మొదలుపెట్టింది. ఈ పద్ధతికి రూపమిచ్చినవారిలో ఒకరైన ఎం.ఎస్. చారి అంతకుముందు రాజమండ్రిలోని కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన శాస్త్రవేత్త. అంటే ప్రశ్న వేసినవారు ఆ శాస్త్రం లోపలి మనిషే. వేసవి దుక్కులు, మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు అట్టలు, పురుగును పత్తి మీద నుంచి తనవైపు లాగే ఎర పంటగా గట్ల మీద ఆముదం, పక్షులు వాలడానికి కొమ్మలు, తప్పనప్పుడు వేపగింజల కషాయం లేదా పచ్చిమిర్చి, వెల్లుల్లి ద్రావణం: విడివిడిగా చూస్తే వీటిలో మా పెద్దలు వినని సంగతి పెద్దగా లేదు.

నేను దగ్గరుండి చూసిన ఒక సంఘటన చెబుతాను. పునుకుల చూసి వచ్చిన తర్వాత మా పెదనాన్న, ఇంట్లో పోరు పడలేక, చెలకలో ఒక మూల మాత్రం ఈ పద్ధతికి వదిలాడు. వంద లీటర్ల నీటికి ఐదు కిలోల చొప్పున వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కాస్త సబ్బుపొడి కలిపి చల్లపూట కొట్టారు. తెల్లారి ఆయన చేలోకి వెళ్లి ఒక ఆకు తిరగేసి చూస్తే పురుగు పాకుతూనే ఉంది. "ఇదిగో, బతికే ఉందిగా! నిన్న కొట్టిందేంది, నీళ్లా?" అని అక్కడే నిలబడి కేకలేశాడు. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఆవిడ కూడా రైతే, పెద్దగా చదువుకున్నది కాదు. ఆవిడ నా జేబులోంచి బాల్‌పెన్ను అడిగి తీసుకుని, ఆ ఆకు మీద పురుగు తిన్న చిల్లు అంచు వెంట సన్నగా గీత గీసి, కాడకు దారప్పోగు కట్టి, "పెద్దయ్యా, సచ్చిందా లేదా అని సూడమాకు, తింటాందా లేదా అని సూడు" అన్నది. మూడో నాటికి చిల్లు ఆ గీత దాటలేదు. ఆ చుట్టుపక్కల ఆకుల మీద కనబడిన పురుగులు ముడుచుకుపోయి, సరిగా కుబుసం విడవలేక, ఎదుగుదల ఆగినట్టున్నాయి. వేప పురుగును అక్కడికక్కడ చంపదు. దాని తిండి మాన్పిస్తుంది, ఎదుగుదలను చెడగొడుతుంది.

మీ ప్రశ్నకు నా సమాధానంలో ముఖ్యమైన భాగం ఈ గీత దగ్గరే ఉంది. తెల్లారేసరికి ఎన్ని పురుగులు చచ్చాయన్నదే కొలత అయితే కషాయం ఓడిపోయినట్టే, దాని మీద ఎన్ని ప్రయోగాలు చేసి చూపించినా ఆ కొలత ప్రకారం ఓడిపోతూనే ఉంటుంది. ఆకు ఎంత మిగిలింది, చివరికి కాయ ఎంత నిలిచింది అన్నది కొలత అయితే లెక్క వేరు. అంటే ఇరుపక్షాలూ ఒకే సాక్ష్యాన్ని చూస్తూ వేర్వేరు తీర్పులు చెబుతున్నాయి, ఎందుకంటే దేన్ని సాక్ష్యంగా లెక్కించాలన్న దగ్గరే తేడా ఉంది. కొత్త కొలతను పాత కొలతతో రుజువు చేయడం కుదరని పని. అందువల్ల ఆలోచన మారడానికి మొదటి మెట్టు నమ్మకం కాదు, కొద్దిరోజుల పాటు, నష్టం వచ్చినా తట్టుకోగలిగినంత చిన్న చోట, వేరే కొలతతో చూడడానికి ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలు అధికారి చెబితే వచ్చేది కాదు. తమలాగే అప్పులు చేసి, తమలాగే పత్తి వేసిన మనిషి అడిగింది కాబట్టి పెదనాన్న ఆగాడు.

పైనుంచి ఆజ్ఞ వస్తే మార్పు రాదా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. ఇండోనేషియాలో వరికి సుడిదోమ విరుచుకుపడినప్పుడు, మందులు సాలీళ్లవంటి మిత్రపురుగులను చంపడం వల్లనే దోమ పెరుగుతోందని తేల్చుకున్న ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది, ఆ తర్వాత కొన్నేళ్లలో రాయితీలు కూడా ఎత్తివేసింది. అయితే అక్కడ కూడా ఆలోచనను మార్చినవి 1989 నుంచి నడిచిన రైతు క్షేత్ర పాఠశాలలు. సాలీడును, దోమను ఒకే పంజరంలో పెట్టి ఏది దేన్ని తింటుందో రైతులే చూసేవారు. మా ఊళ్లో ఆ పని హార్లిక్స్ సీసాతో జరిగింది. పేనుబంక పట్టిన కొమ్మను, నాలుగు అక్షింతల పురుగులను అందులో వేసి మూతకు గుడ్డ కట్టి అరుగు మీద పెడితే, మర్నాటికి కొమ్మ ఖాళీ. అంతకుముందు మాకు పురుగంటే పురుగే, అన్నిటికీ ఒకే శిక్ష.

ఇక లెక్కల సంగతి. మందు ఖర్చు అంటే మగవాళ్ల దృష్టిలో షాపువాడి చిట్టాలో రాసి ఉన్న మొత్తం. ఆడవాళ్ల పొదుపు సంఘాల సమావేశాల్లో మందు సంగతి చర్చకు వచ్చినప్పుడు ఆ లెక్క పెరగడం మొదలైంది, ఎందుకంటే మందు కొట్టిన చేలో మర్నాడు కలుపు తీసి వాంతులు చేసుకున్నది వాళ్లు, ఆసుపత్రికి తీసుకుపోయింది వాళ్లు, తాకట్టుకు పోయినవి వాళ్ల మెడలోవి. ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే, కానీ పంట ఖర్చు కింద ఎవరూ వేయనివి. సంఘం నుంచి అప్పు పుట్టడంతో షాపు మీద ఆధారపడవలసిన అవసరం కూడా కొంత తగ్గింది. 2004లో పునుకుల పంచాయతీ తమ ఊరు పురుగుమందులు లేని ఊరని, మందుల వ్యాపారులు తమ ఊళ్లోకి రావద్దని తీర్మానం చేసింది. 2004-05 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సమాఖ్యల ద్వారానే ఈ పద్ధతిని ఇతర జిల్లాలకు తీసుకెళ్లింది. ఆలోచన మారడమంటే కొత్త జవాబు దొరకడమేనని అనుకుంటాం గానీ, లెక్క చెప్పే హక్కు ఎవరిదన్నది మారడం కూడా అందులో సగం పాలు.

పాత తరం పోతేనే కొత్త సత్యం నిలబడుతుందన్న అర్థంలో భౌతికశాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ తన ఆత్మకథలో రాసిన మాటను చాలామంది ఉదహరిస్తారు. మా దగ్గర అలా జరగలేదు. మందు కొట్టనివాణ్ణి చేను పాడుపెట్టిన సోమరి అన్న పెద్దమనుషులే కొన్నేళ్లకు, పంపు భుజాన వేసుకుని వెళ్లేవాణ్ణి చూసి నవ్వడం నేను చూశాను. మారినవాళ్లు కొద్దిమందిగా ఉన్నంతకాలం మారడానికి ధైర్యం కావాలి. ఒక సంఖ్య దాటాక మారకపోవడానికి సంజాయిషీ కావాలి. ఆ సంఖ్య ఎంతో నేను చెప్పలేను గానీ, కొన్ని పనులు మూకుమ్మడిగా చేయవలసి రావడం దానికి సాయపడింది. ఆముదాన్ని తినే ఎర్ర గొంగళి రెక్కల పురుగులు తొలకరి వానలకు బయటికి వస్తాయి. అవి వెలుగుకు వచ్చి పడతాయి కాబట్టి అప్పుడు ఊరంతా ఒకేసారి మంటలు వేస్తేనే ఫలితం, ఒక్కడు వేస్తే చుట్టుపక్కల పురుగులన్నీ వాడి చేలోకే వస్తాయి.

అయితే అవే సంవత్సరాల్లో ఇంకొక మార్పు కూడా వచ్చింది, దానిని దీనితో కలపకూడదు. 2002లో బీటీ పత్తికి, అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు మార్చిన పత్తికి, అనుమతి వచ్చింది. విషం పంపులోంచి విత్తనంలోకి మారింది, కాయతొలుచు పురుగు కోసం కొట్టే మందు బాగా తగ్గింది, రైతుల జీవితాల్లో అది చిన్న విషయం కాదు. కానీ ప్రశ్న మాత్రం పాతదే: దీన్ని ఏది చంపుతుంది? అందుకే చరిత్ర కూడా పాత దారినే నడిచింది. రసం పీల్చే పురుగులు పెరిగాయి, 2006లో బీటీలోనే తర్వాతి రకమైన బోల్‌గార్డ్-2 వచ్చింది, 2010ల మధ్య నాటికి గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది. సాధనం మారడాన్ని ఆలోచన మారడంగా పొరబడితే ఆధునిక సమాజంలో రోజుకొక విప్లవం కనిపిస్తుంది. సెల్‌ఫోన్ల గురించి, యాప్‌ల గురించి వినవచ్చే ఆర్భాటంలో చాలా భాగం ఈ కోవలోదేనని నాకనిపిస్తుంది.

పోనీ, ఒక విషయంలో మారిన ఆలోచన పక్క విషయానికి తనంతట తాను పాకుతుందా? మా ప్రాంతంలో పాకలేదు. పురుగుమందు మానేసిన కుటుంబాలు కొన్ని ఇవాళ గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొడుతున్నాయి. జనం బీజీ-3 అని పిలుచుకునే, అనుమతి లేని పత్తి విత్తనం దొంగచాటుగా దొరుకుతున్నది కూడా ఆ కలుపు మందును తట్టుకుంటుందనే. పురుగుమందు విషయంలో సంఘంలోని ఆడవాళ్లందరిదీ ఒకే మాటగా ఉండేది. కలుపు దగ్గర ఆ ఐక్యత లేదు. భూమి ఉన్నవాళ్లకు కూలీలు దొరకడం లేదు, దొరికినా ఆ కూలి గిట్టడం లేదు. భూమి లేనివాళ్లకు వానకాలమంతా పని దొరికేది కలుపు తీతలోనే. ఈ మధ్య మా ఊరి ఆడవాళ్ల సంఘంలో ఈ సంగతి ఎత్తినప్పుడు ఒకామె "మందు కొడితే మా నోట్లో మట్టి కొట్టినట్టే" అన్నది, పక్కనే కూర్చున్న ఆమె వదిన, రెండెకరాల ఆసామి, "నువ్వు ఒక్కదానివి వస్తే అయిద్దా చేనంతా?" అన్నది. ఆ రోజు తీర్మానం ఏదీ రాయలేదు.