హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ వచ్చాక మళ్లీ వైరల్ లోడ్ టెస్టు ఎందుకు?

హెచ్‌బీఎస్‌ఏజీ టెస్టు హెపటైటిస్ బి ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో చెబుతుంది. రక్తంలో వైరస్ ఎంత ఉందో తేల్చేది వైరల్ లోడ్ టెస్టే.

హెచ్‌బీఎస్‌ఏజీ టెస్టు ల్యాబ్‌లో చేసే ఎలైసా అయినా, గీత పడే ర్యాపిడ్ కార్డు అయినా పట్టుకునేది వైరస్ పైపొర ప్రొటీన్‌ను. హెచ్‌బీఎస్‌ఏజీ అంటే ఆ ప్రొటీనే. ఈ వైరస్ ఆ ప్రొటీన్‌ను అవసరానికి మించి తయారుచేసి, లోపల డీఎన్‌ఏ లేని ఖాళీ డొల్లలుగా రక్తంలోకి వదులుతుంది. అసలు వైరస్‌ల కంటే ఈ డొల్లలే వేల రెట్లు ఎక్కువ. కాబట్టి గీత ఎంత ముదురుగా పడినా వైరస్ లెక్క తేలదు.

ఆ పని వైరల్ లోడ్ టెస్టులో వాడే రియల్ టైమ్ పీసీఆర్ పద్ధతిది. అందులో ఒక్కో సైకిల్‌కు, అంటే కాపీ చేసే ఒక్కో విడతకు, వైరస్ డీఎన్‌ఏ దాదాపు రెట్టింపవుతుంది. ఒకరి శాంపిల్‌లో సిగ్నల్ 20వ సైకిల్‌కే కనిపించి, మరొకరిది 30వ సైకిల్‌కు కనిపిస్తే మొదటివారిలో వైరస్ సుమారు వెయ్యి రెట్లు ఎక్కువన్నమాట. కార్డు మీద మాత్రం ఇద్దరికీ అదే గీత! రిపోర్టులో ఈ లెక్క మిల్లీలీటరుకు ఇన్ని ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్లు) అని వస్తుంది.

చాలామంది పొరబడేది ‘నాట్ డిటెక్టెడ్’ దగ్గర. దానర్థం జబ్బు నయమైందని కాదు, రక్తంలో వైరస్ ఆ టెస్టుకు అందనంత తక్కువగా ఉందని. కాలేయ కణాల కేంద్రకాల్లో వైరస్ డీఎన్‌ఏ దాగి ఉండొచ్చు. ఆ రిపోర్టు చూసి మందులు సొంతంగా ఆపేస్తే వైరస్ మళ్లీ విజృంభించే ప్రమాదం ఉంది.