ఇరవై గంటలు పోతున్నాయి, ఒక్క పాటా రావడం లేదు

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 41 ఏళ్లు, ప్రభుత్వ టీచరును. కాజీపేట నుంచి రైల్లో జనగామ వైపు బడికి పోయివస్తుంటాను. చిన్నప్పుడు భజనల్లో హార్మోనియం వాయించేవాణ్ని. మూడేళ్ల కింద కీబోర్డు, మైకు, వాటిని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ కొని ఇంట్లోనే పాటలు చేసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికి 70 వేల దాకా అయ్యింది. వారంలో ఐదు రాత్రులు తొమ్మిదిన్నరకు ఆ గదిలోకి పోతే ఒంటిగంట అవుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంకో నాలుగు గంటలు. కంప్యూటర్‌లో 60 పాటలు సగం సగం ఉన్నాయి, పూర్తయింది ఒక్కటీ లేదు. నా భార్య "ఇంట్ల ఉన్నా లేనట్టే ఉంటున్నరు" అంటోంది. ఏడో తరగతి చదివే మా బిడ్డ "డాడీ చెవులకు అవి పెట్టుకుంటె ఏం చెప్పినా ఇనబడది" అని వాళ్ల అమ్మమ్మకు ఫోన్లో చెప్తుంటే విన్నాను. మనసు చివుక్కుమంది. అన్నీ అమ్మేసి మానేయాలా? అసలు సరదాకు సంగీతం చేసుకునేవాడు వారానికి ఎన్ని గంటలు పెట్టొచ్చు?

సలహా: అమ్మకండి, మానకండి. ఉద్యోగం, పిల్లల చదువు, ఇంటి బాధ్యతల మధ్య మనసుకు నచ్చిన పని ఒకటి ఉండటం మంచి సంగతి. అపరాధ భావంతో దాన్ని వదిలేస్తే ఆ లోటు ఇంకోరకంగా ఇంట్లోనే బయటపడుతుంది, చిరాకుగానో, ఊరికే ఫోన్ పట్టుకుని కూర్చోవడంగానో. అయితే ఇప్పుడు నడుస్తున్న తీరు మాత్రం నడవదు. మీ ఇంటికీ నష్టమే, మీ సంగీతానికీ నష్టమే.

మీ లెక్కే చూద్దాం. ఐదు రాత్రులు మూడున్నర గంటల చొప్పున, ఆదివారం నాలుగు, మొత్తం వారానికి 21 గంటల 30 నిమిషాలు. ఇప్పుడు ఒక పాటకు ఎంత పడుతుందో చూడండి. పల్లవి, రెండు చరణాలు ఉన్న, నాలుగు నిమిషాల లోపు పాట అనుకుందాం. బాణీ, కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాల గుంపులు) కుదుర్చుకోవడానికి 3 గంటలు. తాళం, బేస్‌కు (కింది స్వరాల వరసకు) 4. గొంతు రికార్డింగ్‌కు 3. వేణువు, తీగల వాద్యాల ముక్కలకు 4. అన్ని శబ్దాల పాళ్లు కుదిర్చే మిక్సింగ్‌కు 5. అన్నీ కలిపితే 19 గంటలు. ఇది ఇంట్లో ఒక్కరే కూర్చుని మామూలు వేగంతో చేసుకునే వాళ్ల లెక్క. అంటే మీరు ఒక్క వారంలో పెడుతున్న సమయంలో ఒక పాట మొదలై ముగిసిపోవాలి. మూడేళ్లయినా ఒక్కటీ ముగియలేదంటే ఆ గంటల్లో ఎక్కువ భాగం సంగీతం మీద పడటం లేదన్నమాట.

ఎటు పోతున్నాయో మీ కళ్లతో మీరే చూడాలి. రెండు వారాలు ఒక నోటుబుక్కులో మూడు గడులు గీసి రాయండి. మొదటి గడిలో వాయించిన, పాడిన, రాసిన సమయం. రెండో గడిలో వైర్లు కలపడం, సాఫ్ట్‌వేర్ సర్దడం, శబ్దం ఎందుకు రావడం లేదని వెతకడం. మూడో గడిలో పాఠాల వీడియోలు, ప్లగిన్ల (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాముల) వేట, వాటిలో ముందే చేసిపెట్టిన ఒక్కో శబ్దం, అంటే ప్రీసెట్ నొక్కి వినడం, కొత్త సామాన్ల ధరలు చూడటం. ఎక్కువమందికి మొదటి గడిలో సగం కూడా పడదు. నిజం రాయాలి, ఎందుకంటే ఈ కాగితం తరువాత మీ ఆవిడ ముందు పెట్టాల్సి ఉంటుంది.

రెండో గడిని తగ్గించడం తేలిక. కీబోర్డు మంచం కింది నుంచి తీసి మళ్లీ అక్కడే పెడుతుంటే రోజుకు 20 నిమిషాలు దానికే పోతాయి. చిన్న బల్ల మీద, వైర్లన్నీ కలిపి ఉంచి, మీద బట్ట కప్పండి. సాఫ్ట్‌వేర్‌లో ట్రాకులన్నీ సిద్ధంగా ఉన్న ఒక టెంప్లేట్ చేసి పెట్టుకోండి: డోలక్ లేదా డప్పు, బేస్, కార్డ్స్, వేణువు, దారి చూపే గొంతు, అసలు గొంతు, వంతపాట, ప్రతిధ్వని ఇచ్చే ఒక రివర్బ్. ఎనిమిది ట్రాకులు చాలు. తెరవగానే వాయించేలా ఉండాలి. మీట నొక్కిన కాసేపటికి శబ్దం వస్తుంటే బఫర్ సైజు, అంటే కంప్యూటర్ ఒక్కోసారి పోగేసుకునే శబ్దపు ముక్క ఎంతో చూడండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిల్స్ అంటే 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం, 512 అంటే 10.7. లోపలికి, బయటికి రెండు వైపులా కలిస్తే ఇంకా పెరుగుతుంది. రికార్డింగ్ వేళ 128 గానీ 256 గానీ, మిక్సింగ్ వేళ 512 గానీ 1024 గానీ పెట్టుకోండి. విండోస్ కంప్యూటరైతే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన, ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవరే వాడాలి. 128లో టపటపమని శబ్దాలు వస్తే కంప్యూటర్ ఆ బరువు మోయలేకపోతోందని అర్థం. అయిపోయిన ట్రాకులను ఆడియోగా మార్చేస్తే భారం దిగుతుంది, దానికోసం కొత్త కంప్యూటర్ కొననక్కర్లేదు.

మూడో గడికి ఒకటే మందు. మూడు పాటలు పూర్తయ్యే వరకు కొత్త ప్లగిన్ లేదు, కొత్త సామాను లేదు. వీడియో చూడాలనిపిస్తే రైల్లో చూడండి. ఆ పోయివచ్చే సమయం మీ ఇంటి సమయంలోంచి తీసుకున్నది కాదు. చరణాలు రాసుకోవడం, నిన్న చేసిన ముక్కను ఫోన్లో విని తప్పులు గుర్తుపెట్టుకోవడం కూడా అక్కడే కానివ్వండి.

ఇక రాత్రి సంగతి. ఇది గట్టిగానే చెప్పాలి. అలసిన చెవులతో, హెడ్‌ఫోన్లలో, రాత్రి పదకొండు దాటాక చేసిన మిక్సింగ్ దాదాపుగా మళ్లీ చేయాల్సి వస్తుంది. గట్టిగా వింటూ పోతే చెవికి సన్నని పైశబ్దాలు వినబడటం తగ్గుతుంది. మీరేమో ట్రెబుల్ పెంచుతారు. తెల్లారి వింటే చెవుల్లో గుచ్చుకుంటుంది, ఇది బాగా లేదని పక్కన పడేస్తారు. మీ అరవై పాటల్లో చాలావాటికి ఇదే జరిగి ఉంటుంది. ఇది పాట గురించే కాదు, చెవుల గురించి కూడా. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదని వృత్తి ఆరోగ్య నిపుణులు పెట్టిన హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక్క గంట. మూడున్నర గంటలు హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాళ్లు శబ్దం ఎంత ఉందో చూసుకోకపోతే ఈ హద్దు దాటేయడం చాలా తేలిక. గదిలోంచి బయటికొచ్చాక చెవుల్లో గుయ్ మంటుంటే ఇప్పటికే దాటుతున్నారని అర్థం. అది తగ్గకుండా ఉంటే చెవి డాక్టరుకు చూపించండి.

అందుకే గంటలను రాత్రి నుంచి పొద్దున్నకు మార్చండి. వారంలో నాలుగు రోజులు పొద్దున 5.15 నుంచి 6 దాకా, ఆదివారం 10 నుంచి 12 దాకా. మొత్తం 5 గంటలు. మీరడిగిన ప్రశ్నకు మీ పరిస్థితిలో నేనిచ్చే జవాబు ఇదే. నాలుగు వారాలకు 20 గంటలు, ఒక పాటకు సరిపోతుంది. పొద్దున్న కీబోర్డు, ఎడిటింగ్ మాత్రమే, హెడ్‌ఫోన్లలో, తక్కువ శబ్దంతో. చెవులు తాజాగా ఉంటాయి కాబట్టి ఆ 45 నిమిషాల పని రాత్రి రెండు గంటల పనికంటే నికరంగా ఉంటుంది. ఆరుకు ఇల్లు లేస్తుంది, టిఫిన్ బాక్సుల పని మొదలవుతుంది. ఆ సరికి మీరు వంటింట్లో ఉండాలి, హెడ్‌ఫోన్లు బల్ల మీద ఉండాలి. దీనికోసం రాత్రి పదిన్నరకు పడుకోవాలి. మొదటి పది రోజులు నిద్ర పట్టదు, పట్టకపోయినా ఆ గదిలోకి పోకండి.

గొంతు రికార్డింగ్ ఆదివారానికి. ఫ్యాన్, కూలర్ ఆపేసి పాడాలి కాబట్టి ఎండాకాలం మన దగ్గర ఒకేసారి గంట చేయడం కూడా కష్టం. 15 నిమిషాలు పాడి, ఫ్యాన్ వేసుకుని విని, మళ్లీ పాడండి. మైకుకు జానెడు దూరంలో నిలబడండి. పాడేటప్పుడు శబ్దం పైకి పోయినా మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్యనే ఉండేలా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) పెట్టండి. అంతకంటే పెంచితే గట్టిగా పాడిన చోట చిట్లుతుంది, దాన్ని ఏ ప్లగినూ బాగుచేయదు. గది ప్రతిధ్వనిస్తుంటే ఫోమ్ పలకలు కొనకండి. కొత్తవాడలో నేసే మన వరంగల్ దర్రీలు ఉన్నాయి కదా, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మందంగా ఉన్నది ఒకటి రెండు మడతలు వేసి, మీ వీపు వెనక, గోడకు జానెడు ఎడంగా వేలాడదీయండి. గోడకు అతికించి కడితే అంత పని చేయదు. దర్రీ పైశబ్దాలనే పీలుస్తుంది, కింది గుమ్మటం తగ్గాలంటే మూలకు పరుపు నిలబెట్టాలి.

పాట మధ్యలో ఎందుకు ఆగిపోతోందో కూడా చెప్పాలి. ఎనిమిది బార్ల (బారుకు నాలుగు బీట్లు) ముక్కను చెక్కీ చెక్కీ మెరుగులు పెడతారు, అది వందసార్లు విన్నాక విసుగొస్తుంది, ఇంకో కొత్త ముక్క మొదలవుతుంది. దీన్ని తిరగేయండి. మొదటి మూడు గంటల్లోనే పాట మొత్తం పొడవునా, ఒట్టి పియానో, మెట్రోనోమ్, మీ గొంతుతో గీసేయండి. నిమిషానికి 100 బీట్ల వేగంలో 80 బార్లు అంటే 3 నిమిషాల 12 సెకన్లు. ఎంత మోటుగా ఉన్నా మొదలూ చివరా ఉన్న పాట ముగుస్తుంది. అరవైలోంచి మూడు తీసుకోండి, మిగతావి ఒక ఫోల్డర్‌లో పెట్టి మూసేయండి. వాటిని తుడిచేయనక్కర్లేదు. మొదటి పాటకు పెత్రమాసను, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యను గడువుగా పెట్టుకోండి. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి పాట ఫోన్లోకి రావాలి. పండుగ వాయిదా పడదు కాబట్టి ఆ గడువుకు విలువ ఉంటుంది.

ప్రతిసారీ ముగింపుకు పది నిమిషాల ముందు అలారం మోగాలి. అప్పుడు కొత్తగా ఏమీ మొదలుపెట్టకూడదు. సేవ్ చేయండి, ఎంత అయితే అంత ఎంపీ3గా ఫోన్లోకి పంపుకోండి, రేపు చేయాల్సిన ఒక్క పని నోటుబుక్కులో రాయండి. "రెండో చరణం బేస్" అని రాసుంటే మరునాడు ఆలోచన లేకుండా కూర్చుంటారు. "ఇంకొక్క పది నిమిషాలు" అనేదే మీ ఇంట్లో గొడవకు వేరు. రెండోవారమో మూడోవారమో తప్పకుండా ఒకరోజు దాటిపోతుంది. ఎన్ని నిమిషాలు దాటారో అన్నీ ఆదివారం రెండు గంటల్లోంచి కోసేయండి, ఎవరూ అడగకముందే.

మీ ఆవిడతో మాట్లాడటానికి రాత్రి భోజనాలయ్యాక, బిడ్డ పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి కూర్చోండి. "నేను మారుతా" అని మాట ఇవ్వకండి, ఇలాంటి మాటలు ఆమె విని ఉంటుంది. ఆ మూడు గడుల కాగితం, కొత్త వేళలు ముందు పెట్టండి. తరువాత అడగాల్సింది ఒకటే: "నేను ఏ టైములో లేకపోతే నీకు ఎక్కువ కష్టమైతది?" ఆమె చెప్పిన గంట మీరనుకున్నది కాకపోవచ్చు. బహుశా తొమ్మిదిన్నర నుంచి పదిన్నర, ఇంటి పని అంతా అయ్యి ఆమె నోరు తెరిచి మాట్లాడుకునే ఒక్క గంట కావచ్చు. ఏది చెప్పినా ఆ గంటను ముట్టకండి. 70 వేల విషయం కూడా అప్పుడే తీయండి. నెలకు ఇంత అని ఇద్దరూ కలిసి ఒక హద్దు పెట్టుకుంటే, ఆమెకు తెలియకుండా పార్సిల్ రావడం ఆగిపోతుంది.

మీకు ఐదు గంటలు ఉంటే ఆమెకూ ఐదు గంటలు ఉండాలి. ఆమె టైలరింగ్ చేసుకుంటుందో, అక్కచెల్లెళ్ల ఇంటికి పోతుందో, ఊరికే పడుకుంటుందో ఆమె ఇష్టం. ఆ గంటల్లో ఇల్లు, బిడ్డ, గ్యాస్ బండి, అన్నీ మీ బాధ్యత. ఇంకో మాట. బతుకమ్మ పాటలు ఆమెకు మీకంటే ఎక్కువ వచ్చి ఉంటాయి, పాడించాలని మీకు అనిపించవచ్చు. ఆమెకు ఇష్టమైతే పాడించండి. కానీ ఆమెను మైకు ముందు నిలబెట్టిన సమయాన్ని ఆమెకిచ్చిన సమయం కింద లెక్కేయకండి. అది కూడా మీ సంగీతం గంటే.

మీ బిడ్డ విషయంలో చిన్న పద్ధతి చాలు. గది తలుపు వేయకండి. ఆదివారం ఆమె వస్తే ఒక చెవి నుంచి హెడ్‌ఫోన్ జరపడం కాదు, రెండూ తీసి మెడ మీద వేసుకుని, ఆమె వైపు తిరిగి వినండి. రికార్డింగ్ మధ్యలోనైనా సరే, పోయిన టేకును మళ్లీ పాడుకోవచ్చు.

ఒక సంగతి మీరు మాత్రమే తేల్చుకోగలరు. ఆ గదిలోకి పోయినప్పుడు మీకు సంతోషం కలుగుతోందా, లేక ఏదో తప్పించుకోవడానికి పోతున్నారా? వాయించకుండా ఊరికే తెర చూస్తూ గంటలు గడిచిపోతుంటే, నిద్ర ఐదు గంటల లోపే ఉంటూ పగలంతా మనసు బరువుగా ఉంటే, ఆపాలనుకున్నా ఆపలేకపోతుంటే, అది వేళలు మార్చితే తీరే సమస్య కాదు. ప్రభుత్వం నడిపే టెలిమానస్ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆరు వారాలు ఇలా నడిపి, మీ ఆవిడను మళ్లీ అడగండి. ఇంకా ఇబ్బందిగానే ఉందంటే ఆదివారం రెండు గంటలను ఒకటి చేయండి, పొద్దున్న 45 నిమిషాలను మాత్రం ఉంచుకోండి. ఆ వేళ ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు, పాట ముందుకు నడిచేదీ అప్పుడే.