బెంగళూరు పొడి గాలిలో బాల్ పైథాన్‌కి కింద ఏం పరచాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చెన్నై వేళచ్చేరిలో ఉన్నప్పుడు మూడేళ్ల బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచే విదేశీ కొండచిలువ) న్యూస్‌పేపర్ మీదే హాయిగా ఉండేది, కుబుసం ఒకే తొడుగులా వదిలేది. బెంగళూరు మారతహళ్లికి వచ్చాక రెండుసార్లూ ముక్కలు ముక్కలుగా ఊడింది. అందుకని కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) పోసి పూటకోసారి స్ప్రే కొడుతుంటే ఇప్పుడు పొట్ట కింద గోధుమరంగు మచ్చలు కనిపిస్తున్నాయి. ట్యాంకు గాజుది: 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు. పైన జాలీ మూత, అడుగున హీట్ మ్యాట్. మళ్లీ పేపర్‌కే వెళ్లాలా?

వెళ్లాలి, కానీ మచ్చల సంగతి తేలేదాకానే. ఆ తర్వాత కోకోపీట్‌కే రండి. ఈ ఊళ్లో బాల్ పైథాన్‌కి అంతకంటే మంచిది, తేలిగ్గా దొరికేది ఇంకోటి లేదు. దాన్ని తయారుచేసే తీరు, తడిపే తీరు మాత్రం మారాలి.

ముందు మచ్చలు చూడండి. పామును ఒక చేత్తో పట్టుకుని, గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో ఒక మచ్చను పొలుసుల వరస వెంట మెల్లగా పది సార్లు తుడవండి. దూదికి టీ రంగు అంటుకుని మచ్చ పలచబడితే అది కొబ్బరి పీచు కషాయం అంటిన మరక, భయం లేదు. కడగని కోకోపీట్ తడిగా ఉంటే ఇలాగే అంటుతుంది. రంగు కదలకుండా, పొలుసు అంచు పైకి లేచినా, గుంటపడినా, ఎర్రబారినా, కింద పసుపు నీరు చేరిన పొక్కు కనిపించినా అది పొలుసు కుళ్లు. ఆ పొక్కులు హీట్ మ్యాట్ వల్ల కాలినవీ కావచ్చు, పైకి రెండూ ఒకేలా ఉంటాయి. రెండింటికీ సరీసృపాలు చూసే వెట్ (పశువైద్యుడి) దగ్గరికి వెళ్లాల్సిందే, యాంటీబయాటిక్ అవసరమో కాదో వాళ్లే చెప్పాలి. అప్పటిదాకా కింద తెల్లటి కిచెన్ టిష్యూ రెండు పొరలు పరచి, తడిసిన వెంటనే మార్చండి. తెల్ల టిష్యూ మీద రక్తపు చుక్క, చీము, పాకే నల్లటి మైట్లు (పాము రక్తం పీల్చే సన్న పురుగులు) అన్నీ ఇట్టే కనబడతాయి. కొత్తగా తెచ్చిన ఏ పామునైనా మొదటి రెండు మూడు నెలలు పేపర్ మీదే ఉంచమనేది కూడా ఇందుకే.

ఇక చెన్నైలో నడిచింది ఇక్కడ ఎందుకు నడవలేదంటే, అక్కడ పని చేసింది పేపర్ కాదు, సముద్రపు గాలి. చెన్నైలో గదిలో తేమ మామూలు రోజుల్లోనే 65, 70 శాతం దాటి ఉంటుంది. బాల్ పైథాన్‌కి కావలసింది 60 నుంచి 70. సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాలు తేమ 30 దగ్గరికి పడిపోతుంది. పేపర్ నీటిని పట్టి ఉంచలేదు. చీమలు పెట్టిన పుట్టలు పాములకు నెలవంటామే, పశ్చిమ ఆఫ్రికాలో ఈ పాముకీ అదే కథ: ఎండ కాసే వేళ చెదపుట్టల్లో, ఎలుకల బొరియల్లో దాక్కుంటుంది. బయట నేల ఎండి పగిలినా బొరియలో గాలి చెమ్మగా ఉంటుంది, పొట్ట కింద మట్టి మాత్రం పొడిగానే ఉంటుంది. మీ ట్యాంకులో కావలసింది ఇదే. మీరు కొట్టే స్ప్రే దీనికి సరిగ్గా తలకిందులు: పైపొర తడిసి పొట్టకు అంటుకుంటుంది, తేమ కొలిచే మీటరు గంటసేపు 80 చూపించి జాలీ మూతలోంచి ఆవిరైపోయి మళ్లీ 35కి వస్తుంది. కుబుసమూ చెడింది, పొట్టా చెడింది.

మీ ట్యాంకు అడుగు సుమారు 120 సెం.మీ. బై 60. ఏడు సెం.మీ. మందం పోయాలంటే 50 లీటర్ల మిశ్రమం కావాలి. అందులో 30 లీటర్లు కోకోపీట్, 15 లీటర్లు ఒకటి రెండు సెం.మీ. సైజు కోకో చిప్స్ (కొబ్బరి పీచు ముక్కలు), మిగతాది పైన ఎండుటాకులు. నర్సరీల్లో దొరికే 5 కిలోల దిమ్మ నానితే 60 లీటర్ల పైమాట, కాబట్టి సగం చాలు. 650 గ్రాముల చిన్న ఇటుకలైతే నాలుగు. చిప్స్ ఎందుకంటే, ఒట్టి కోకోపీట్ తడిస్తే ముద్దగా అణగిపోయి లోపల గాలి ఆడదు, ఎండితే దుమ్మై ముక్కు రంధ్రాల్లోకి, పెదవి మీద వేడిని పసిగట్టే గుంటల్లోకి చేరుతుంది. చిప్స్ మధ్యలో ఉంటే ఈ రెండూ తగ్గుతాయి. ప్యాకెట్ మీద ఎరువు కలిపినది, వేపపిండి కలిపినది, పాటింగ్ మిక్స్ అని ఉంటే వద్దు.

కడగడం దగ్గర బద్ధకించకండి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, ఉప్పునీటిలో నానబెట్టిన పీచు నుంచి వచ్చినదైతే ఇంకా ఎక్కువ. పెద్ద బకెట్లో దిమ్మ వేసి నీళ్లు పోసి అరగంట నానబెట్టి, పాత దోమతెర గుడ్డలో మూటకట్టి పిండేయండి. మొదటి నీళ్లు ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌లా దిగుతాయి. మూడు నాలుగు సార్లు కడిగేసరికి పలచటి టీ రంగుకి వస్తాయి. ఆర్‌ఓ మెకానిక్‌లు వాడే, నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ పెన్ను మీ దగ్గరుంటే పిండిన నీటినీ కుళాయి నీటినీ కొలిచి పోల్చండి. తేడా వంద లోపుకు వస్తే చాలు. మీది ట్యాంకర్ నీళ్లో బోరు నీళ్లో అయితే అంకె మొదటే ఎక్కువ ఉంటుంది, అందుకే విడి అంకె కాకుండా తేడానే చూడమంటున్నాను.

పిండిన దాన్ని డాబా మీద టార్పాలిన్ పరచి ఎండబెట్టండి, పైన వల కప్పండి, లేకపోతే పావురాలు రెట్ట వేస్తాయి. బెంగళూరు ఎండకి నాలుగైదు గంటలు పడుతుంది, మధ్యలో రెండుసార్లు తిరగెయ్యాలి. ఎప్పుడు సిద్ధమైందో పిడికిలి చెబుతుంది: గుప్పెడు తీసుకుని గట్టిగా నొక్కండి. నీటి చుక్క కారకూడదు, చెయ్యి తెరిస్తే ఉండ నిలబడాలి, వేలితో తాకితే విడిపోవాలి. చుక్క కారితే ఇంకా ఎండాలి. ఉండే కట్టకపోతే ఎక్కువ ఎండింది, కొంచెం నీళ్లు చిలకరించి కలపండి. ఆకుల విషయానికొస్తే బాదం చెట్టువి మంచివి, వెడల్పుగా ఉండి పొట్టకీ తడికీ మధ్య చాపలా పనికొస్తాయి. రోడ్డు పక్కవి, పురుగుమందు కొట్టే తోటలవి వద్దు. పది నిమిషాలు ఉడకబెట్టి ఎండబెట్టి వాడండి.

హీట్ మ్యాట్ సంగతి తేల్చకుండా ఇవన్నీ పోయకండి. ఏడు సెం.మీ. పొర కింద మ్యాట్ ఉంటే వేడి పైకి రాదు, గాజు దగ్గరే చిక్కుకుంటుంది. పైన చల్లగా ఉందని థర్మోస్టాట్ మ్యాట్‌ని ఆపకుండా నడిపిస్తుంది. పాము వెచ్చదనం కోసం అడుగుదాకా తవ్వుకుని వెళ్లి కాలే గాజు మీద పడుకుంటుంది, పొట్ట కాలుతున్నా లేవదు. పేపర్ మీద నడిచిన ఏర్పాటు కోకోపీట్ కింద ప్రమాదం అయ్యేది ఇలాగే. మ్యాట్ తీసేసి జాలీ పైన ఒక చివర 100 వాట్ల సిరామిక్ హీటర్ పెట్టండి, థర్మోస్టాట్‌కి కలపండి, దాని ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొన) పాము పడుకునే ఎత్తులో హీటర్ కింద ఉండాలి. ఆ చోట 31 నుంచి 33 డిగ్రీలు, అవతలి చివర 25 నుంచి 27 ఉంటే చాలు. డిసెంబరు, జనవరి రాత్రులు బయట 15, 16కి దిగే ఊరు కాబట్టి హీటర్ తప్పదు. చెన్నైలో ఏడాదిలో ఎక్కువ భాగం దాని అవసరమే రాదు.

తడపడం ఇలా. పైన స్ప్రే పూర్తిగా మానండి. మగ్గుతో చల్లటి వైపు రెండు మూలల్లో గాజు గోడ వెంబడి మెల్లగా అర లీటరు నుంచి లీటరు దాకా పోయండి. నీళ్లు గోడ వెంట అడుగుకి దిగి అక్కడ పరుచుకుంటాయి, పైన పొర పొడిగా ఉంటుంది, అడుగునుంచి నెమ్మదిగా ఆవిరి లేస్తుంది. జాలీ మూతలో మూడు వంతులు అల్యూమినియం ఫాయిల్‌తోనో యాక్రిలిక్ షీటుతోనో మూయండి, హీటర్ కింది భాగం, ఇంకో పక్క గాలికి కొంచెం వదిలిపెట్టండి. మార్చిలో వారానికోసారి పోయాల్సి రావచ్చు, జులై ఆగస్టుల్లో మూడు వారాలకోసారి చాలు. రోజు చూసి కాదు, వేలు చూసి పోయండి: చూపుడు వేలు అడుగుదాకా గుచ్చితే కింద చల్లగా చెమ్మ తగలాలి, పై రెండు సెం.మీ. పొడిగా ఉండాలి. మీటరును కూడా ఒకసారి పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు కలిపి, మీటరుతో పాటు జిప్ కవర్లో మూసి రాత్రంతా ఉంచితే 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటరు ఏడు తక్కువ చెబుతోందన్నమాట.

దీనికి తోడు కుబుసం సమయానికి ఒక చెమ్మ పెట్టె. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పాము చుట్టుకుంటే ఇరుకుగా సరిపోయేది, పక్కన పాము నడుముకంటే ఒకటిన్నర రెట్లు వెడల్పు రంధ్రం, అంచు ఇసుక కాగితంతో రుద్దాలి. లోపల పిండిన స్ఫాగ్నమ్ మాస్ (నీటిని పట్టి ఉంచే నాచు), ఆర్కిడ్ మొక్కల సామాను అమ్మే చోట దొరుకుతుంది. కళ్లు నీలంగా మసకబారిన రోజు పెట్టి, కుబుసం వదిలాక తీసేయండి. ఎప్పుడూ లోపలే ఉంచితే పాము అందులోంచి కదలదు, మళ్లీ పొట్ట తడి.

శుభ్రం చేసేటప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఫినాయిల్. నల్లదైనా తెల్లదైనా, పైన్ వాసన వచ్చే నేల క్లీనర్ అయినా, పాము ఉన్న ట్యాంకు దరిదాపుల్లోకి రానివ్వకండి. దేవదారు, పైన్ పొట్టు వద్దనేదీ ఇలాంటి ఘాటు నూనెల వల్లే. పెట్ షాపుల్లో కుందేళ్లకి అమ్మే పేరులేని చెక్క పొట్టు ఏ చెట్టుదో, ఏ ప్లైవుడ్ జిగురు కలిసిందో తెలియదు, దాన్నీ వదిలేయండి. విసర్జన, సున్నంలాంటి తెల్ల ముద్ద కనబడగానే చుట్టూ గుప్పెడు పొట్టుతో సహా ఎత్తేసి, ఆ మేరకు కొత్తది వేయండి. మూడు నాలుగు నెలలకోసారి మొత్తం తీసి, ట్యాంకు కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి పది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి, వాసన పోయేదాకా కడిగి ఆరబెట్టండి. యాసిడ్ క్లీనర్‌తో ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. పొట్టు మీద తెల్ల బూజు, చిన్న నల్ల దోమల్లాంటి ఈగలు కనిపిస్తే పైపొర తడిగా ఉందనే అర్థం, పోయడం ఆపి తిరగెయ్యండి. చీమలు పడితే చీమల మందు చాక్‌పీస్‌తో గీతలు గీయొద్దు, ఆ మందు పాముకి విషం. పాతకాలం పాల బీరువా కాళ్లకి పెట్టినట్టు స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. ఎలుకను పెట్టేటప్పుడు బాగా తుడిచి టైల్ ముక్క మీద పెట్టండి, తడి బొచ్చుకి పొట్టు అంటుకుని నోట్లోకి పోదు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఇసుక, వరి ఊక, అక్వేరియం రాళ్లు బాల్ పైథాన్‌కి పనికిరావు. ఊక మొనలు నోటి లోపల గుచ్చుకుంటాయి, ఇసుక మింగితే పేగులో అడ్డుపడవచ్చు. ఆస్పెన్ చెక్క పొట్టు కార్న్ స్నేక్ అనే ఇంకో పెంపుడు పాముకి బెంగళూరులో బాగా పనికొస్తుంది, ఖరీదు ఎక్కువ. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో బూజు పడుతుంది. మళ్లీ చెన్నై వెళ్లాల్సి వస్తే ఈ మిశ్రమమే మూడు నాలుగు సెం.మీ. పోసి, జాలీ మొత్తం తెరిచి ఉంచి, నీళ్లు దాదాపు పోయకుండా నడపండి.

మీ తమ్ముడు రెండు తలల పామును తెచ్చుకుంటే దానికి ఇసుక చాలా అని కూడా అడిగారు. అది మన దేశపు పాము. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోవడమే నేరం, ఎవరు అమ్మజూపినా వద్దనండి. మీ బాల్ పైథాన్ సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న విదేశీ జాతి, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. ఆ కాగితాలు లేకపోతే ముందు అటవీ శాఖ వారితో మాట్లాడండి.

కుబుసం ఈసారి వదిలాక పారేయకుండా వెలుతురుకి పట్టి చూడండి. తల దగ్గర రెండు గుండ్రటి కంటి పొరలూ ఉన్నాయా, తోక కొన దాకా వచ్చిందా చూడాలి. కంటి పొర ఒకటి రాకపోయినా టేపుతోనో చిమటాతోనో లాగకండి. 28, 30 డిగ్రీల నీళ్లలో తడిపిన తువ్వాలును ఒక డబ్బాలో వేసి, పామును దాని మడతల్లో ఇరవై నిమిషాలు పాకనివ్వండి. అప్పటికీ రాకపోతే ట్యాంకులో తేమ సరిచేసి తర్వాతి కుబుసం దాకా ఆగండి. దాంతోనూ రాకుంటే వెట్‌కి చూపించండి.