డీమన్‌ని ప్రేమించిన అమ్మాయి కథ రాస్తున్న చెల్లికి

చెల్లీ,

నువ్వు పంపినంతవరకూ నీ నవల చదివాను. పదిహేడేళ్ల అమ్మాయి, ఆమె ప్రాణం తీసుకెళ్లడానికి వచ్చి ఆ పని చెయ్యలేక ఆగిపోయిన డీమన్, వాళ్లిద్దర్నీ విడదీయడానికి పైనుంచి దిగిన ఏంజెల్. నాకు నచ్చింది. అమ్మాయి మాటతీరు బాగుంది, తమ్ముడితో కొట్లాడే సీన్ మరీ బాగుంది. ఇలాంటివి రాయడం టైంపాస్ అని ఎవరైనా అంటే పట్టించుకోకు. చనిపోయినవాళ్లు ఎక్కడికి వెళ్తారు, ప్రేమించిన మనిషిని అక్కణ్ణుంచి వెనక్కి తెచ్చుకోగలమా అని మనుషులు ఎప్పటినుంచో కథలు చెప్పుకుంటూనే ఉన్నారు, టీనేజ్‌లో ఆ ప్రశ్నలు నిద్రపోనివ్వవు కూడా.

కథ జారిపోతున్నది ఒక్కచోట. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను. నీ పరలోకంలో ఎవరూ దేనికీ మూల్యం చెల్లించడం లేదు. డీమన్ ప్రాణం తియ్యకుండా వదిలేశాడు, అతనికి ఏమీ కాలేదు. ఏంజెల్ ఆజ్ఞ మీరాడు, రెక్కలు పోతాయని భయపెట్టావు, కాసేపటికే మళ్లీ ఎగురుతున్నాడు. స్నేహితురాలు చనిపోయింది, తర్వాతి చాప్టర్లో తిరిగొచ్చేసింది. ఒకసారి అలా జరిగాక ఇంకెవరు పోయినా చదివేవాళ్లు కంగారుపడరు, ఎలాగూ వస్తారులే అనుకుంటారు, అక్కడితో ప్రేమకథలో టెన్షన్ మొత్తం పోయినట్టే.

మహాభారతం ఆదిపర్వంలో రురుడు, ప్రమద్వరల కథ ఉంది, నన్నయ తెలుగులోనూ దొరుకుతుంది, వీలైతే ఈ వారమే చదువు. పెళ్లి దగ్గరపడ్డాక ప్రమద్వర పాముకాటుతో చనిపోతుంది. రురుడు అడవిలోకి పోయి ఏడుస్తుంటే దేవదూత వచ్చి ఒకే ఒక్క దారి చెప్తాడు, నీ ఆయుష్షులో సగం ఇస్తే ఆమె బతుకుతుంది అని. ఇస్తాడు. ఆమె లేస్తుంది, పెళ్లవుతుంది. నాకు బాగా ఇష్టమైన భాగం ఆ తర్వాతే వస్తుంది. ఆమె పక్కనే ఉన్నా ఇతని కోపం చల్లారదు, కర్ర పట్టుకుని కనిపించిన పామునల్లా చంపుతూ తిరుగుతాడు, డుండుభం అనే విషం లేని పాము ఎదురుపడి నేనేం చేశానని అడిగేదాకా. మనిషి తిరిగొచ్చినా ఆ పోగొట్టుకున్న రోజు అతన్ని వదల్లేదు. నీ నవల్లో మాత్రం స్నేహితురాలు చావునుంచి తిరిగొచ్చిన సాయంత్రమే అందరూ పార్టీ చేసుకుంటున్నారు. ఆమె అమ్మకి ఆ రాత్రి నిద్ర పడుతుందా? ఆ అమ్మాయికి చీకట్లో ఒంటరిగా పడుకోవాలంటే భయం వెయ్యదా? అవి రాయి.

సావిత్రి కథ కూడా మళ్లీ చూడు. యముడు జాలిపడి భర్తనిచ్చాడని చాలామంది అనుకుంటారు గానీ, ఆమె అతన్ని అతని మాటతోనే కట్టేస్తుంది. భర్త ప్రాణం తప్ప ఏదైనా అడుగు అన్నాడు కదా అని మామగారి చూపు, ఆయన రాజ్యం, తన తండ్రికి కొడుకులు అడిగి, ఆ తర్వాత సత్యవంతుడి వల్ల తనకి నూరుగురు కొడుకులు కావాలంటుంది. దానికీ సరే అన్నాక సత్యవంతుణ్ణి ఇవ్వక తప్పదు. ప్లాట్ అంటే ఇదీ. రూల్ ఏంటో మనకి ముందే తెలుసు, ఆ రూల్‌లోనే ఆమె సందు వెతుక్కుంది. నీ చివరి చాప్టర్లో పెద్ద ఏంజెల్ ఒకాయన వచ్చి మీ ప్రేమ గొప్పది అని శిక్ష రద్దు చేస్తున్నాడు, అది తీసెయ్. దారి నీ అమ్మాయే కనిపెట్టాలి, అది కూడా మనకి మొదట్లోనే చెప్పిన రూల్‌లోంచే.

రూల్స్ ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి అంటావా, ఏదో ఒక సంప్రదాయాన్ని లోతుగా చదువు, నాలుగింటిని కలిపి కలగాపులగం చెయ్యకు. ఇస్లాంలో దేవదూతలు కాంతితో పుట్టినవాళ్లు, దేవుడి ఆజ్ఞ మీరరు, జిన్నులు పొగలేని అగ్నితో పుట్టినవాళ్లు, వాళ్లకి మంచీ చెడూ ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. ఈ ఒక్క తేడాతోనే ఒక నవల నడుస్తుంది. ప్రాచీన యూదు గ్రంథం హనోకులో 200 మంది దేవదూతలు మనుషుల ఆడపిల్లల మీద మనసుపడి హెర్మోను కొండ మీద దిగుతారు, తప్పు ఒక్కడి మీదే పడకుండా ఆ కొండ మీదే అందరూ కలిసి ఒట్టు వేసుకుంటారు. ఆ ఒట్టు చూశావా, తప్పని తెలిసే చేస్తున్నారు! నీ ఏంజెల్‌కి ఆ భయం ఒక్కసారైనా కలగాలి. అతని అందం గురించి రెండు పేజీలు ఎందుకో నాకర్థం కాలేదు. బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త చూసిన జీవులకి మనిషి, సింహం, ఎద్దు, గద్ద, ఇలా నాలుగేసి ముఖాలున్నాయి, వాటి పక్కన తిరిగే చక్రాల నిండా కళ్లున్నాయి. బైబిల్లో దేవదూత కనిపించగానే చాలాసార్లు ముందు భయపడొద్దనే చెప్తాడు. నీ అమ్మాయి కూడా మొదట భయపడనీ, ప్రేమ సంగతి తర్వాత.

ఇంకోటి, కాస్త గట్టిగానే చెప్తాను. నీ డీమన్ వయసు వెయ్యేళ్లు. అతను ఆమె నిద్రపోతుంటే గదిలో నిలబడి చూస్తాడు, ఆమె ఎవరితో మాట్లాడాలో తనే నిర్ణయిస్తాడు, ఆమె జ్ఞాపకం ఒకటి చెప్పకుండా చెరిపేస్తాడు. నువ్వు వీటన్నిటినీ ప్రేమ అని రాశావు. మనిషైతే ఇలాంటివాణ్ణి చూసి దూరంగా ఉండమనే చెప్తాం కదా? అతన్ని మంచివాడిగా మార్చమనడం లేదు, డీమన్ డీమన్‌లాగే ఉండొచ్చు. కానీ ఆమె వద్దు అన్నప్పుడు ఆగడం నేర్చుకునే సీన్ కావాలి, ఆ నేర్చుకోవడం అతనికి కష్టంగా ఉండాలి. హిడింబి భీముణ్ణి చంపడానికి వచ్చి ప్రేమలో పడింది, అయినా వాళ్ల కాపురానికి హద్దుంది, కొడుకు పుట్టేదాకానే అని. ఇద్దరికీ ముందే తెలిసిన ఆ హద్దు వల్లే వాళ్లు కలిసున్న రోజులు నాకు అంతగా గుర్తుండిపోయాయి.

ఇక ముగింపు. అమ్మాయి తనంతట తనే చనిపోయి అతని లోకానికి వెళ్లిపోతుంది, అక్కడ ఇద్దరూ సంతోషంగా ఉంటారు. దయచేసి ఇది మార్చు చెల్లీ. మిగతావి నీ ఇష్టం, ఇది మాత్రం నేను వదలను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 15 నుంచి 29 ఏళ్ల మధ్యవాళ్ల మరణాలకి ముఖ్య కారణాల్లో ఆత్మహత్య మూడోది. నీ పాఠకులూ ఆ వయసువాళ్లే. ఈమధ్యే ఎవరినో పోగొట్టుకుని, అవతల కలుసుకోవచ్చేమో అని ఆలోచిస్తున్న పిల్ల నీ నవల తెరిస్తే చివరి పేజీ ఆమెకి ఏం చెప్తుంది? 2019లో ఆ సంస్థ సినిమా, నాటకాలవాళ్ల కోసం ఒక సూచనల పుస్తకమే తెచ్చింది, కథలు మనుషుల మీద పనిచేస్తాయని వాళ్లకీ తెలుసు. చావు గురించి రాయొద్దని కాదు, బాగా రాయి, చావుని బహుమతిగా మాత్రం ఇవ్వకు. ఆమె ఇవతలే ఉండి, అతను వెళ్లిపోయినా, ఏడుస్తూనే ఆ తమ్ముడితో మళ్లీ కొట్లాడితే అదీ ప్రేమకథే.

అన్నీ ఒకేసారి మార్చకు, బెంగపడిపోతావు. ముందు అతను ప్రాణం తియ్యకుండా వెనక్కి తిరిగిన ఆ మూడో చాప్టర్ తీసుకో. ఆ రాత్రి లెక్కలో ఒక ప్రాణం తగ్గింది, అది ఎవరు గమనించారు, ఎవరిని అడిగారు, బదులుగా ఏం తీసుకున్నారు? అతను ఆమెకి చెప్పకుండా దాచింది అదే అయితే ఏంజెల్ దిగిరావడానికి కారణం కూడా దొరుకుతుంది. అది రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అక్క